పదోసారి రాసిన పేరు

30-11-2025, ఆదివారం

పొద్దున చలి. తొమ్మిది దాకా ఎండ లేదు. మిద్దె మీది నీళ్ళ ట్యాంకు కడిగాను. అడుగున రెండు వేళ్ళ మందం నాచు.

గెలిచాం.

కొత్తవాడ యూత్ 2, మడికొండ 1. పోయిన ఏడాది ఆగస్టు తర్వాత ఇదే గెలుపు. ఈ లీగులో ఆరు ఆడి ఆరూ ఓడాం. ఏడోది గెలిచాం. ఇంకొకటే మిగిలింది, పద్నాలుగో తారీఖున పరకాలతో. అందులో ఓడకుంటే చాలు, వచ్చే ఏడు కూడా లీగులో ఉంటాం.

మొదటి గోల్ చైతన్య కొట్టిన ఫ్రీ కిక్. వాళ్ళవాడి వీపుకు తగిలి లోపలికి పోయింది. రెండోది 70వ నిమిషంలో మా ఉదయ్ కొట్టాడు. లెఫ్ట్ బ్యాక్, వెనక ఎడమవైపు కాసేవాడు, గ్రౌండంతా ఒక్కడే ఉరికి కొట్టాడు. అక్క కొడుకని చెప్పడం కాదు, అందరూ అదే అన్నారు.

నేను ఎప్పటిలాగే మన గోల్ వెనక కూర్చున్నాను. అక్కడ అరుపులు తక్కువ. మా కీపర్ మజర్ నాలుగు ఆపాడు. 12, 33, 58, 77 నిమిషాలు. నాలుగూ ఎడమవైపు నుంచి వచ్చినవే. 81లో ఒకటి పడింది, అదీ అటు నుంచే.

విజిల్ వేయగానే హోటల్ గట్టయ్య తువ్వాల తిప్పుతూ గ్రౌండులోకి ఉరికాడు. మొగిలయ్య సారు కింద కూర్చుని బూట్లు విప్పి, మళ్ళీ తొడుక్కున్నాడు. ఎందుకు విప్పాడో ఆయనకే తెలియదు. ఇరవై ఏళ్ళు డ్రిల్లు సారుగా చేసిన మనిషి, టీము నడుపుతున్న మనిషి, ఈల కూడా ఊదలేకపోయాడు. ఉదయ్‌ని భుజాల మీద ఎత్తుకున్నారు.

మజర్ తండ్రి జహీర్ భాయ్ అవతలి గట్టు మీద ఉన్నాడు. ఇటు చూడలేదు. ఆరు నెలలుగా చూడడం లేదు.

ఇంత సంతోషం ఇచ్చినందుకు ఎవరికి దండం పెట్టాలో వాళ్ళకు పెట్టాను.

1-12-2025, సోమవారం

మంచు. పనికి, చేనేత సొసైటీకి పోయే ముందు గట్టయ్య హోటల్లో కూర్చున్నాం, పన్నెండు మందిమి. ఓడిన మర్నాడు కూర్చోవడం మాకు అలవాటు. గెలిచిన మర్నాడు ఏం మాట్లాడాలో ఎవరికీ తెలియలేదు. కాసేపు చాయ్ ఊదుకుంటూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"ఏందిరా, సావుకు అచ్చినట్టు కూసున్నరు? గెలిచినం గదా!" అన్నాడు గట్టయ్య.

"ఆళ్ళ సెంటర్ పిలగానికి జొరమట" అన్నారెవరో.

"గాలి గూడ మన దిక్కే కొట్టింది" అని ఇంకొకరు.

"ఓడితే ఏడుపు, గెలిస్తే అనుమానం. మీ బతుకుల మన్నువడ! చాయ్ వాపస్ ఇయ్యున్రి!"

మొగిలయ్య సారు నవ్వలేదు. "నిజం మాట్లాడుకుందాం. మనం మంచిగ ఆడలే. ఆళ్ళు మనకంటె ఖరాబ్ ఆడిన్రు. ఫస్ట్ హాఫ్‌ల మూడు పాసులు వరుసగ ఇచ్చుకున్నది ఒక్కపారి లేదు. మరి ఉదయ్ ఉరుకకపోతే ఏమైతుండె?"

ఉదయ్ తల వంచుకున్నాడు. అందరూ వాడి వీపు మీద కొట్టారు. నాకు సంతోషమైంది.

అప్పుడు సారు అన్నాడు: "ఇగ ఆ ఒక్క గోలు. గెలిచినా పద్ధతి పద్ధతే. మౌళీ, పుస్తకం తియ్."

పడిన ప్రతి గోలుకూ ఒక పేరు. పేరు అందరూ చెప్తారు, నేను రాస్తాను.

"మజరే" అన్నాడు ఒకడు. "చేతికి తాకి పోయింది, నేను చూసిన."

"తాకిందంటె ఆపాలె గదా!"

ఇంకెవరూ వేరే పేరు చెప్పలేదు. రాశాను.

సారు పుస్తకం తీసుకుని వేలు పెట్టి లెక్కపెట్టాడు. పడ్డవి పద్నాలుగు. పది మజర్ పేరు మీద, నాలుగు మనవాళ్ళ కాళ్ళకే తగిలి పోయినవి. "పుస్తకమే చెప్తాంది. పరకాలతోని ఓడితే మనం లీగుల ఉండం. హన్మకొండల ఒక కాలేజి పిలగాడు ఉన్నడు, కీపర్. ఆన్ని తెస్త. మజర్‌ను కూసోబెడుదాం."

జహీర్ భాయ్ బయటి బెంచీ మీద, మాకు వీపు పెట్టి కూర్చుని ఉన్నాడు. సాసరు కింద పెట్టి లేచిపోయాడు. అందులో సగం చాయ్ ఉంది. కొడుకు సంగతి ఆయన అట్లా విన్నాడు.

నేను రాసేది వాళ్ళు చెప్పిందే. నా మాట అందులో ఒక్కటీ లేదు.

2-12-2025, మంగళవారం

సొసైటీలో జంపఖానాలు పదకొండు చూశాను. రెండింటికి అంచు వంకర. ఇంకేం లేదు.

3-12-2025, బుధవారం

చలి తగ్గింది. పెరటి తలుపు బిగించాను.

సోమక్క సర్వపిండి చేసి తెచ్చింది, కొడుకు గోల్ కొట్టాడని. బావ పోయిన తర్వాత ఆమె అంత గట్టిగా నవ్వడం ఇప్పుడే చూశాను. "నీ చేతుల్ల పెరిగిండు తమ్మీ, నువ్వు బూట్లు కొనియ్యకపోతే ఆడుతుండెనా?" అంది. ఆమె నవ్వు చూసినందుకు ఈ రోజుకు చాలు.

ఉదయ్ కూడా వచ్చాడు. ఎక్కువ మాట్లాడలేదు. అలసిపోయి ఉంటాడు.

వాళ్ళు పోయాక నా భార్య యాకమ్మ గిన్నెలు సర్దుతూ అడిగింది. "మజర్‌ను తీసేసిన్రట?"

"సారు తీసిండు."

"పదకొండు మంది ఆడి గెలిస్తిరి. ఆయనొక్కడే ఓడిండా?"

నీకు ఆట తెలియదు అన్నాను. గిన్నెలు తీసుకుని లోపలికి పోయింది. ముప్ఫై నాలుగేళ్ళలో ఆమె ఒక మాట రెండోసారి అడగడం నేను చూడలేదు.

4-12-2025, గురువారం

పొద్దున ఎండ బాగానే ఉంది. సొసైటీలో పంజా పన్ను ఒకటి విరిగింది. నేసేటప్పుడు పేక దారాన్ని కిందికి దిగ్గొట్టే ఇనుప పంజా. అతికించడానికి కాశిబుగ్గ తీసుకుపోయాను. దారిలో రెండు వెల్డింగ్ షాపులు ఉన్నాయి. వాటిని దాటి మజర్ షాపు దాకా ఎందుకు పోయానో తెలియదు. మజర్ పని మంచిగా ఉంటుంది, అందుకే అయి ఉంటుంది.

కళ్ళకు అడ్డం పెట్టుకున్నది తీసి నవ్వాడు. "సలాం చాచా! ఏంది, పుస్తకంల జాగ అయిపోయిందా? నా పేరు రాయనీకె కొత్త పుస్తకం కొన్నవా?"

"పంజా విరిగింది" అన్నాను.

"ఇయ్యి. నా చేతుల్లకెల్లి గోల్సే పోతయి గానీ ఇనుము పోదు."

అతికిస్తున్నంత సేపూ మాట్లాడుతూనే ఉన్నాడు. గ్లౌజులు హన్మకొండ పిల్లవాడికి ఇచ్చేశాడట. "కొత్తయి కొనుడెందుకు, ఆదివారాలు నేనేం చేసుకుంట వాటితోని" అన్నాడు. ఇరవై ఆరేళ్ళు. పదేళ్ళుగా ఆడుతున్నాడు.

పంజా చేతికిస్తూ, నవ్వు లేకుండా అడిగాడు: "చాచా, ఆ నాలుగు ఆపినయి నువ్వు చూసినవ్ గదా? ఎన్కనే ఉంటివి."

"చూసిన."

"నాలుగు గదా?"

"నాలుగు. డెబ్బై ఏడోది చానా కష్టం."

"బస్. ఒక్కలన్న చూసిన్రు. శుక్రియా చాచా." కొంచెం ఆగి, "అబ్బాతోని మాట్లాడకుంట ఉండకు. ఆయన మాట్లాడడు గానీ, నువ్వు మాట్లాడు. ఇంట్ల రోజూ నీ ముచ్చటే. తిట్టేది గూడ నిన్నే" అన్నాడు.

నేను అన్నం తినలేకపోయాను. నాకు శుక్రియా చెప్పాడు.

5-12-2025, శుక్రవారం

సొసైటీకి సెలవు పెట్టాను. పదకొండేళ్ళలో ఇది రెండోసారి. పెట్టె మీద కూర్చుని, జూన్ నుంచి ఈ డైరీ పేజీలు వెనక్కి తిప్పాను. ప్రతి ఆదివారం చూసింది చూసినట్టు నిమిషాలతో రాసి పెట్టుకున్నాను. హోటల్ పుస్తకం వేరు, ఇది వేరు. రెండూ ఎప్పుడూ పక్కపక్కన పెట్టలేదు. ఈ రోజు పెట్టాను.

మజర్ పేరు మీద రాసిన పది గోల్స్:

ఒకటి పెనాల్టీ. ఒకటి గాలికి తిరిగింది. ఒకటి చైతన్య పాస్ తప్పడం వల్ల. ఒకటి నిజంగా మజర్‌దే, చేతిలో పడి జారింది.

మిగతా ఆరు ఎడమవైపు ఖాళీగా ఉండడం వల్ల. ఉదయ్ ముందుకు ఉరికి తిరిగి రాలేదు. ఆరుసార్లూ.

ఇది ఈ రోజే తెలిసింది.

కాదు. రాసిన రోజే తెలుసు. రాసింది నా చెయ్యే. "ఎడమవైపు ఖాళీ" అని ఆరుచోట్ల ఉంది, వాడి పేరు ఒక్కచోట లేదు.

గోలుకో పేరు అనే పద్ధతి పెట్టింది కూడా నేనే. పోయిన ఏడాది ఓడిన మర్నాడు హోటల్లో కొట్టుకోబోయారు. అప్పుడు మా సొసైటీ పద్ధతి చెప్పాను. జంపఖానా మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తారు. తప్పు దొరికితే ఎవరిదో తేల్చలేం. అందుకని మగ్గం మీద నుంచి కోసి దింపినవాడి పేరు రాస్తాం. గొడవ ఉండదు. ఆటలో కూడా బంతి చివర ఎవరికి తగిలితే, ఎవరిని దాటితే వాళ్ళ పేరు రాయండి అన్నాను. అందరూ భలే అన్నారు. గొడవలు ఆగాయి. కీపర్ చేతిని దాటకుండా ఏ గోలైనా పడుతుందా అని ఒక్కరికీ తోచలేదు. మేమంతా మగ్గాలవాళ్ళమే.

జహీర్ భాయ్, నేను ఒకే మగ్గం మీద ఇరవై రెండేళ్ళు కూర్చున్నాం. నేను బడికి పోలేదు. నూలు బేళ్ళకు చుట్టి వచ్చిన పాత పేపర్లు పక్కన పెట్టుకుని, ముప్ఫై ఏళ్ళ వయసులో అక్షరాలు దిద్దుకున్నాను. నేను దిద్దుకుంటున్నంత సేపూ నా వైపు పేక కూడా ఆయనే నేసేవాడు. ఒక్కరోజు కాదు, రెండు చలికాలాలు. సేటు అడిగితే "మౌళి చెయ్యి నొస్తాంది" అనేవాడు. ఆ చదువు వల్లే నాకు సొసైటీలో చూసే పని, రిజిస్టర్ రాసే పని దొరికాయి. ఆయన మోకాళ్ళు పోయేదాకా మగ్గం మీదే ఉన్నాడు.

ఆ అక్షరాలతో ఆయన కొడుకు పేరు పదిసార్లు రాశాను.

6-12-2025, శనివారం

మబ్బు. ఉదయ్‌కి చెప్పలేదు.

7-12-2025, ఆదివారం

ఆట లేదు. పొద్దున చిక్కుడు పాదుకు పందిరి కట్టాను.

ఉదయ్‌ని మధ్యాహ్నం తిండికి పిలిచాను. తినేటప్పుడు చెప్పాను. రేపు హోటల్లో ఇది చదువుతాను, పది గోల్సూ ఎట్లా పడ్డాయో నిమిషాలతో చదువుతాను, నీ పేరు ఆరుసార్లు వస్తుంది అన్నాను.

ముద్ద కంచంలో పెట్టాడు. "మొన్ననే ఎత్తుకున్నరు మామా నన్ను. ఇంక ఎనిమిది దినాలు గూడ కాలే."

"తెలుసు."

"అమ్మ బజారంత చెప్పుకున్నది. అందరి ముంగట ఇజ్జత్ తీస్తవా?"

"మజర్ ఇజ్జత్ పదిసార్లు పోయింది."

"మరి గప్పుడే ఎందుకు చెప్పలే? జూన్లనే చెవి పిండి చెప్తే ఎన్కకు అచ్చెటోన్ని గదా! నువ్వేం అనకపోతె నేను చేసేది కరెక్టే అనుకున్న. తర్వాత తప్పని తెల్సినా, నువ్వేం అంటలేవు గదా అని ఊకున్న."

చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. యాకమ్మ వాకిలి దాకా పోయి పిలిచింది, ఆగలేదు.

వాడన్నది నిజం. ఇద్దరు పిల్లలను పాడుచేశాను.

8-12-2025, సోమవారం

దట్టమైన మంచు. హోటల్లో తొమ్మిది మందిమి. జహీర్ భాయ్ బయటి బెంచీ మీద, మాకు వీపు పెట్టి. ముప్ఫై ఏళ్ళుగా అక్కడే తాగుతాడు, కోపం వచ్చినా హోటల్ మారడు. ఉదయ్ రాలేదు.

పుస్తకం, డైరీ రెండూ బల్ల మీద పెట్టాను. చదువుతా అన్నాను.

"ఏంది, మౌళి నోరు తెరుస్తాండు! వాన అస్తది చూడున్రి" అన్నాడు గట్టయ్య.

మొదటిది చదివాను. పెనాల్టీ. రెండోది చదివాను. ఎడమవైపు ఖాళీ, అక్కడ ఉండాల్సినవాడు ఉదయ్. అందరూ చాయ్ ఆపేశారు.

మూడో మ్యాచ్‌లోది చదివాను. "చైతన్య పాస్ తప్పింది."

"అది తప్పు మామా."

ఉదయ్. గడప దగ్గర నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో. మంచులో సైకిల్ తొక్కి మొహం తడిసి ఉంది.

"చైతన్య పాస్ కరెక్టే ఇచ్చిండు. అందుకోవాల్సినోన్ని నేను, ఆడ లేను. ఆరు కాదు, ఏడు. సక్కగ రాయి."

పెన్ను తీసి దిద్దాను. తప్పు ఒప్పుకునే కాగితంలో కూడా వాడికి ఒకటి తగ్గించి రాశాను. అప్పటిదాకా నాకే తెలియదు.

మిగతావి చదివాను. తొమ్మిదోది మజర్‌దే అని అదీ చదివాను. చివరకు మడికొండ ఆటలో మజర్ ఆపిన నాలుగు, నిమిషాలతో.

"మగ్గం మీద ఇద్దరే ఉంటరు. ఈడ పదకొండు మంది. నేను చెప్పిన పద్ధతే తప్పు" అన్నాను.

పుస్తకం మూశాను.

"ఇన్ని దినాలు ఏం చేసినవయ్యా? నిద్రపోయినవా?" అన్నాడు గట్టయ్య.

"నా అల్లుడని దాచిన."

మొగిలయ్య సారు డైరీ తీసుకుని తనే ఒకసారి చదువుకున్నాడు. అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇరవై ఏండ్లు పిల్లలకు ఆట నేర్పిన. గోల్ పడ్డప్పుడు బంతినే చూసిన గానీ బంతి ఏడికెల్లి అచ్చిందో చూడలే." తర్వాత ఉదయ్‌తో, "నువ్వు ఇంకోపారి ఉరుకు, కాళ్ళు ఇరుగగొడ్త. ఉరికినా మంచిదే, మల్ల ఎన్కకు ఉరికి రా."

"అస్త సార్."

"మరి హన్మకొండ పిలగానికి ఏం చెప్పాలె?"

"గ్లౌజులు వాపస్ తెమ్మని చెప్పు" అన్నాడు గట్టయ్య. అప్పుడు నవ్వారు. ఉదయ్ కూడా.

బయటి బెంచీ నుంచి గొంతు వినపడింది. ఇటు తిరగలేదు, నాతో అనలేదు. "గట్టయ్యా, మౌళి చాయ్ సల్లారింది. ఇంకోటి పొయ్యి."

ఆ చాయ్ తాగాను. నాలుక కాలింది. ఇంత మంచి చాయ్ ఎన్నడూ తాగలేదు.

9-12-2025, మంగళవారం

ఉదయ్ పొద్దున్నే మజర్ షాపుకు పోయాడట. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. ఇద్దరూ సాయంత్రం గ్రౌండులో ఉన్నారు. మజర్ గోల్లోంచి "ఎడమా! ఎడమా!" అని అరుస్తున్నాడు. ఉదయ్ ప్రతిసారీ వెనక్కి వస్తున్నాడు, తిట్టుకుంటూ.

సోమక్క నిన్నటి నుంచి నాతో మాట్లాడడం లేదు. మాట్లాడకపోవడం న్యాయమే.

11-12-2025, గురువారం

చలి బాగా ఉంది. సొసైటీలో జంపఖానాలు తొమ్మిది, అన్నీ బాగున్నాయి.

మధ్యాహ్నం జహీర్ భాయ్ సొసైటీకి వచ్చాడు. మోకాళ్ళ నొప్పితో గడప దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, లోపలికి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నా రిజిస్టర్ లాక్కుని చూశాడు.

"చేతిరాత ఇంక గట్లనే ఉన్నది. కోడి కాలిరాత."

"నేర్పినోడు లేడు గదా."

"నేనేం తక్కువ చేసిన్నా? నీ దిక్కు నా దిక్కు ఒక్కన్నే నేస్తి. నా మోకాళ్ళు గందుకే పోయినయి."

"జహీర్ భాయ్, నేను..."

"బస్. సోమారం విన్న. మల్లోపారి చదవకు, నీ గొంతు మంచిగ లేదు." తర్వాత మెల్లగా, "పది పేర్లకు నాకు కోపం రాలే మౌళీ. గోల్ ఎన్కనే కూసున్నోడివి నువ్వు. నువ్వు రాస్తాంటె గదా నేను గూడ నమ్మిన. నా కొడుకే ఖరాబ్ అనుకున్న. ఇంట్ల ఆన్ని నేను గూడ అన్న" అన్నాడు.

ఆయన చెయ్యి నా మోకాలి మీద ఉంది. పంజా పట్టి పట్టి వంకర తిరిగిన వేళ్ళు. ఇద్దరం తలుపు వైపు చూస్తూ కూర్చున్నాం. మగ్గం మీద కూడా ఇట్లాగే, ఒకరినొకరం చూసుకోకుండా కూర్చునేవాళ్ళం.

పోయేటప్పుడు, "ఆదివారం నేను గూడ గోల్ ఎన్కనే కూసుంట. ఆడికెల్లి మంచిగ కనవడ్తదట" అన్నాడు.

ఈ రోజుకు నాకు ఇంకేం అక్కర్లేదు.

13-12-2025, శనివారం

సోమక్క వచ్చింది. సర్వపిండి తేలేదు. వచ్చింది, అంతే చాలు.

14-12-2025, ఆదివారం

పొద్దున మంచు, ఏడు తర్వాత ఎండ. గాలి లేదు, ఆటకు మంచి రోజు. పరకాల టీము గట్టిది. మనం గెలిచింది ఒక్కటే, అదీ బాగా ఆడి కాదు. ఓడినా ఓడవచ్చు. మజర్ గోల్లో ఉంటాడు, ఉదయ్ ఎడమవైపు ఉంటాడు. వచ్చే ఏడు లీగులో ఉంటామో లేదో సాయంత్రం రాస్తాను.

యాకమ్మ ఇద్దరికీ అటుకులు మూట కట్టింది. నేను మిద్దె మీద ఎండలో కూర్చుని రాస్తున్నాను. జహీర్ భాయ్ ఎక్కలేడు, ఆటో ఆపి కిందనుంచే కేకేస్తున్నాడు. "మౌళీ! రాసుడు బంద్ చెయ్! పిలగాండ్లు పోయిన్రు! ఇగ నిన్ను గూడ నేనే మొయ్యాల్నా?" బజారంతా వినపడుతోంది. ఆరు నెలల గొంతు అంతా ఈ పొద్దే వాడుతున్నాడు.

పొద్దున లేచి చేసిన పని... మళ్ళీ కేకేశాడు. వచ్చాక రాస్తాను.